వ్యాసము వ్రాయుట ఎట్లు?

ఆవు వ్యాసము కథ వినని యిల్లు తెలుగు నాట అరుదు. పరీక్షకు పోవు బాలుడొకడు ఆవును గూర్చిన వ్యాసమును మాత్రమే కంఠస్థము చేసికొని పోయెను. అచట ప్రశ్నపత్రములో కొబ్బరిచెట్టును గూర్చి వ్రాయుమని యుండెను. బాలుడు ఏమాత్రమును తడబడలేదు. కొబ్బరిచెట్టు పొడవుగా నుండుననియు, దానికి తమ యావును కట్టివేయుదురనియు రెండు వాక్యములు వ్రాసి, ఆపైన ఆవునకు నాలుగు కాళ్లు, రెండు కొమ్ములు, ఒక తోక అని తాను నేర్చినదంతయు దింపివైచెను.

ఈ కథకు మనమందరము నవ్వుదుము. నవ్విన పిదప ఒక్క క్షణమాగి ఆలోచించినచో, ఆ బాలుని తప్పు మనకు తోచినంత పెద్దది కాదని తేలును. అతనికి వ్యాసమును అప్పగించుట నేర్పినారు గాని వ్రాయుట నేర్పలేదు. అతని యింట ఆవు ఉండియే యుండును. అయినను, పోయి దానిని చూచి వ్రాయుమని అతనితో ఎవరును అనలేదు. మేమును చిన్ననాడు అట్టి వ్యాసములను వల్లించియే పరీక్షలు గట్టెక్కితిమి గనుక, అతనిని చూచి నవ్వుటకు మాకంతగా అధికారము లేదు. పెద్దవారమైన తరువాత ఒక అర్జీ వ్రాయవలసి వచ్చినప్పుడును, ఒక సభలో మా యభిప్రాయము చెప్పవలసి వచ్చినప్పుడును, కలము చేతబట్టి ఎచట మొదలుపెట్టవలెనో తోచక కూర్చుండితిమి. బడిలో మేమేమి పోగొట్టుకొంటిమో అప్పుడే మాకు తెలిసినది.

కావున వ్యాసమును నిర్మించుట ఎట్లో మొదటినుండి, ఒక్కొక్క మెట్టుగా, ఇచట చెప్పదలచితిమి. ఇందుకు పాండిత్యముతో పని లేదు. ఉన్నత పాఠశాలలో చదువుచున్న బాలబాలికలకును, ఇంట వారిని చదివించు తల్లిదండ్రులకును ఇది పనికివచ్చునని మా యాశ. చెప్పవలసిన దానిని నియమముల జాబితాగా చెప్పుటకంటె, మా కన్నుల యెదుట తయారైన ఒక వ్యాసమును ఆధారముగా తీసికొని చెప్పుట మేలని తోచినది.

కడప సీమలోని ఒక పల్లెలో మిత్రుల యింటికి మేము ఆ మధ్య పోయియుంటిమి. సాయంకాలము అరుగు మీద ఇంటి పెద్దాయన రేడియోలో వ్యవసాయ కార్యక్రమము వినుచుండెను. ఆయన ఆ యూరి చెరువునకు చాలకాలము నీరుగంటిగా పనిచేసినవాడు. తూము తీయుటయు, మూయుటయు, ఏ మడికి ఎప్పుడు నీరు వదలవలెనో చూచుటయు ఆయన పనిగా నుండెడిది. లోపలి గదిలో ఆయన మనుమరాలు, తొమ్మిదవ తరగతి బాలిక, బిగ్గరగా వల్లించుచుండెను. చెరువులు గ్రామములకు జీవనాధారములు. చెరువుల వలన అనేక లాభములు కలవు. కావున మనమందరము చెరువులను కాపాడుకొనవలెను. ఇదియే ఆ వల్లింపులోని సారము.

ఆ వ్యాసములో ఒక్క తప్పు వాక్యము లేదు. ఆమెది అనదగిన వాక్యమును ఒక్కటి లేదు. అది దేశములోని ఏ చెరువునకైనను సరిపోవును. కనుకనే ఏ చెరువును గూర్చియు ఏమియు చెప్పుట లేదు. ఆ యూరి చెరువు కట్ట ఆ గదికి రెండువందల గజముల దూరములో నున్నది. దానిని ఇరువదియేండ్లకు పైగా కాచిన మనిషి అరుగు మీద నున్నాడు. బాలిక మాత్రము అచ్చుపుస్తకములోని చెరువును కన్నులు మూసికొని అప్పగించుచున్నది.

ముందుగా వ్యాసమను మాటను విచారింతము. సంస్కృతములో సమాసమనగా కూర్చుట, కుదించుట. వ్యాసమనగా విడదీయుట, విప్పి చెప్పుట. వేదములను విభజించినవాడు గనుకనే ఆ మహర్షికి వ్యాసుడని పేరు వచ్చినదని పెద్దలు చెప్పుదురు. మనస్సులో ముద్దగా నున్న భావమును విడదీసి, దానికొక వరుస నేర్పరచి, ఎదుటివానికి తెలియునట్లు పరచుటయే వ్యాసరచన. ఫ్రెంచి రచయిత మాంటేన్ 1580లో తన గ్రంథమును ప్రకటించినప్పుడు దానిలోని రచనలకు పెట్టిన పేరునకు ప్రయత్నమని యర్థము. ఒక విషయమును గూర్చి తానేమి తలచుచున్నాడో తెలిసికొనుటకు చేసిన ప్రయత్నములవి. 1597లో ఇంగ్లండులో బేకను ఆ పేరునే గ్రహించెను. తెలుగులో 1862లో అచ్చయిన "హితసూచని"లో సామినేని ముద్దునరసింహము నాయుడుగారు ఇట్టి రచనలను ప్రమేయములనిరి. వీరేశలింగము పంతులుగారు ఉపన్యాసములనిరి. పానుగంటి లక్ష్మీనరసింహారావుగారు, 1711లో లండనులో మొదలైన "స్పెక్టేటర్" పత్రిక పద్ధతిని చూచి, తెలుగువారి కొరకు సాక్షి వ్యాసములు వ్రాసిరి. పేర్లు వేరు, కాలములు వేరు. కాని వీరిలో ఎవరును పుటలు నింపుటకై వ్రాయలేదు. ప్రతివారికిని చెప్పవలసిన దొకటి యుండెను. వినవలసినవాడొకడు మనస్సులో నుండెను. బడిపిల్లల వ్యాసమునకును ఈ రెండే మూలాధారములు.

ఇక మొదటి మెట్టు. విషయమును ప్రశ్నగా మార్చవలెను. చెరువు అనునది విషయము. విషయమునకు అంతు లేదు గనుక దానిని పట్టుకొని ఎవరును వ్యాసము వ్రాయలేరు. చెరువును గూర్చి చెప్పదగినవి వేయి యుండును. వానిలో దేనిని ముందు చెప్పవలెనో, దేనితో ఆపవలెనో విషయము మనకు చెప్పదు. ప్రశ్న చెప్పును. ప్రశ్నకు జవాబు దొరికిన చోట వ్యాసము ముగియును. అందుచేత మేమా బాలికను పిలిచి, "మీ చెరువును గూర్చి నీకు తెలిసినది వద్దు; తెలియనిదేమో చెప్పుము" అని అడిగితిమి. ఆమె కొంత తడవు ఊరకుండి, "తాత చిన్నప్పుడు రెండు పంటలు పండేవంట. ఇప్పుడు ఒక పంటకే నీళ్లు చాలడం లేదు. ఎందుకో తెలీదు" అన్నది. ఆమె వ్యాసము అచట మొదలైనది.

రెండవ మెట్టు, ఆ ప్రశ్నకు జవాబును ఒక్క వాక్యములో చెప్పుట. ఇది కనిపించినంత సులభము కాదు. బాలిక వెంటనే, "వానలు తగ్గాయి, అంతే కదా" అన్నది. అరుగు మీదినుండి తాత రేడియో శబ్దము తగ్గించి, "వానలు తగ్గలేదని నేననను. కానీ ఇరవై ఒకటో సంవత్సరంలో అలుగు పారింది గదమ్మా. నిండిన చెరువు ఎండాకాలం రాకముందే ఎందుకు అడుగంటింది? కడుపు నిండా మట్టి ఉంటే నీళ్లెక్కడ నిలుస్తాయి?" అనెను. 2021 నవంబరులో కడప సీమలో కురిసిన పెద్దవానలు చాలమందికి జ్ఞాపకముండును. బాలిక ఆలోచనలో పడినది. మరునాటికి ఆమె తన పుస్తకములో ఒక్క వాక్యము వ్రాసికొన్నది: మా చెరువు రెండవ పంటకు నీరియ్యకుండుటకు ముఖ్యకారణము వానలేమి కాదు, పూడిక.

ఈ వాక్యమునకు మన తర్కశాస్త్రమువారు పెట్టిన పేరు ప్రతిజ్ఞ. అనగా, నేను దీనిని నిరూపింతునని పదిమంది యెదుట ఒప్పుకొనుట. వ్యాసమునకు ప్రతిజ్ఞ యింటికి నడిమి స్తంభము వంటిది. మంచి ప్రతిజ్ఞకు గుర్తు ఒక్కటే: దానిని కాదనువాడు ఒకడైనను ఉండగలుగవలెను. చెరువులు మేలు చేయునను వాక్యమును కాదనువాడు లేడు. కనుక దానిని నిరూపించు పనియు లేదు. వ్యాసము మొదటి వాక్యములోనే చచ్చిపోవును. పూడికయే కారణమను వాక్యమును కాదనువారు ఆ యూరిలోనే పలువురున్నారు. అందుచేత ఆ బాలిక వారిని ఒప్పించవలసి వచ్చినది.

మూడవ మెట్టు, సామగ్రిని కూర్చుకొనుట. సామగ్రి మూడు చోట్ల దొరకును: కంటితో చూచినది, పెద్దల వలన వినినది, గ్రంథములలో చదివినది. పిల్లలు సాధారణముగా మూడవదానికే పరుగెత్తుదురు. మేము వరుసను తిప్పి, ముందు కంటిని వాడుమని చెప్పితిమి. అప్పుడు వేసవి గనుక చెరువు ఎండియున్నది. బాలిక రేవు కడకు పోయి, దిగుటకు కట్టిన రాతి మెట్లను లెక్కపెట్టెను. నాలుగు కనిపించినవి. తాతను అడుగగా, తన చిన్నతనమున పదకొండు మెట్లుండెడివని ఆయన చెప్పెను. తక్కిన ఏడును మట్టిలో నున్నవన్నమాట. ఆమె కొలబద్దతో ఒక మెట్టు ఎత్తు కొలిచెను, ఏడంగుళములు. ఏడేడులు నలుబదితొమ్మిది, అనగా నాలుగడుగులకు పైన ఒక అంగుళము.

బాలిక ఉత్సాహముతో, చెరువంతయు నాలుగడుగులు పూడిపోయినదని వ్రాసికొన్నది. ఇచట మేము ఆమెను ఆపవలసి వచ్చినది. ఆమె కొలిచినది రేవు కడ మాత్రమే. మట్టి అన్ని చోట్ల సమానముగా చేరదు. రేవు దగ్గర నాలుగడుగులకు పైగా పూడినదని వ్రాసినచో అది ఆమె ఎరిగిన సత్యము. చెరువంతయు అని వ్రాసినచో అది ఊహ. ఎరిగినంత మేరకే చెప్పిన రచనను చదువరి నమ్మును. ఒక్క చోట ఎక్కువ చెప్పినారని కనిపెట్టెనా, తక్కినదానినిగూడ అనుమానించును.

పిదప పెద్దలను అడుగుట. పూర్వము వేసవిలో రైతులు బండ్లు కట్టి చెరువు మన్నును పొలములకు తోలుకొనెడివారని తాత చెప్పెను. ఆ మన్ను పైరునకు బలము. తీసిన కొలది చెరువునకు లోతు. ఎరువుల బస్తాలు వచ్చిన తరువాత, బండ్లును ఎద్దులును తగ్గిన తరువాత, తమ యూరిలో ఆ యలవాటు పోయినదని ఆయన యభిప్రాయము. ఒక పనికి రెండు ఫలములున్న పాత పద్ధతి ఎట్లు తప్పిపోయినదో బాలికకు అప్పుడు తెలిసినది.

చివరకు గ్రంథములు. ఆ జిల్లాలోనే పోరుమామిళ్లలో ఒక పెద్ద చెరువున్నది. విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు దానిని కట్టించెనని 1369 నాటి సంస్కృత శాసనము తెలుపుచున్నది. ఆ శాసనము చెరువు నిర్మాణమునకు కావలసిన పండ్రెండు అంగములను, తగని ఆరు దోషములను లెక్కించి చెప్పినది. జలశాస్త్రము తెలిసినవాడుండుట, గట్టి నేల యుండుట, కట్టకు రాయి దొరకుట, నేర్పరులైన పనివారుండుట అంగములలోనివి. కట్టనుండి నీరు కారుట, చవుడు నేల, రెండు రాజ్యముల సరిహద్దున నుండుట దోషములలోనివి. ఆ చెరువు పనిలో వేయిమంది పనివారు, రాళ్లు తోలుటకు నూరు బండ్లు, రెండు సంవత్సరములు శ్రమించినట్లును అందున్నది. ఇక మన కాలమున, తెలంగాణ రాష్ట్రములో 2015లో మిషన్ కాకతీయ పేరుతో చెరువుల పూడిక తీసి, ఆ మన్నును రైతుల పొలములకు తరలించు కార్యక్రమము మొదలైనది. ఈ రెండును బాలిక తన సామగ్రిలో చేర్చుకొన్నది. శాసనము ఆమెకు సామగ్రినే గాక ఒక పాఠమునుగూడ ఇచ్చినది. ఆరువందల యేండ్ల క్రిందట రాతిపై చెక్కించినవారు సైతము, ఇన్ని అంగములు, ఇన్ని దోషములు అని ముందు లెక్క చెప్పి, ఆ లెక్క ప్రకారము నడచిరి.

నాలుగవ మెట్టు విడిచిపెట్టుట. ఇది అన్నిటికంటె కష్టము. బాలిక పుస్తకములో పదునాలుగు సంగతులు చేరినవి. చెరువులోని తామరపూలు, కట్ట మీది గంగమ్మ జాతర, తాను ఈత నేర్చుకొన్న దినము, పరిగెలు పట్టు పిల్లలు. అన్నియు అందమైనవే. కాని ఒక్కొక్కదానిని ప్రతిజ్ఞ యెదుట నిలిపి, నీవు దీనికి సాక్ష్యము చెప్పుదువా అని అడుగవలెను. చెప్పలేనిదానిని, అది ఎంత యింపైనదైనను, తప్పించవలెను. గంగమ్మ జాతరను తీసివేయుటకు బాలికకు మనసొప్పలేదు. అది మరియొక వ్యాసమునకు మంచి విషయమని చెప్పి ఒప్పించితిమి. పదునాలుగింటిలో ఆరు మిగిలినవి.

అయిదవ మెట్టు వరుస. మిగిలిన సంగతులను చిన్న చిన్న కాగితపు ముక్కలపై ఒక్కొక్కటిగా వ్రాసి, నేలపై పరచి, ఏది దేని తరువాత రావలెనో కదుపుచు చూడవలెను. పూర్తి వాక్యములు వ్రాయకముందే ఈ పని జరుగవలెను. గోడ కట్టిన తరువాత ద్వారబంధము జరుపుట కష్టము గదా. బాలిక వ్యాసమునకు చివరకు ఈ వరుస కుదిరినది. మొదటి పేరాలో ప్రశ్నయు, జవాబును. రెండవదానిలో చెరువు లోతు తగ్గినదని నిరూపణ. మూడవదానిలో, వానలు తగ్గుటయే కారణమనువారి మాటయు దానికి సమాధానమును. నాలుగవదానిలో, పూడిక ఎందుకు పేరుకొన్నదో, పాత అలవాటు ఎట్లు పోయినదో. అయిదవదానిలో చేయదగిన పని. ఒక్కొక్క పేరా ఒక్కొక్క పని చేయును. ఒక పేరాను తీసివేసినను వ్యాసమునకు లోటు కలుగనిచో, ఆ పేరా అక్కరలేనిదే.

పేరా లోపల వాక్యములను నడపుటకు మన నైయాయికులు చక్కని అచ్చు పోసి యిచ్చినారు. ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణము, ఉపనయము, నిగమనము అని అయిదు అవయవములు. కొండపై నిప్పున్నది, ఇది ప్రతిజ్ఞ. పొగ కనిపించుచున్నది గనుక, ఇది హేతువు. పొగ యున్న చోట నిప్పుండును, వంటయింటిలో వలె, ఇది ఉదాహరణము. ఈ కొండపైనను అట్టి పొగయే యున్నది, ఇది ఉపనయము. కనుక కొండపై నిప్పున్నది, ఇది నిగమనము. తర్కము చదువని బాలిక, తనకు తెలియకుండగనే, ఈ యచ్చులో ఒక పేరా వ్రాసినది. ఆమె భాషను మేము మార్చలేదు:

"మా చెరువులో నీళ్లు చాలకపోవడానికి ముఖ్య కారణం పూడిక. ఎందుకంటే చెరువు లోతు తగ్గిపోయింది. మా తాత చిన్నప్పుడు రేవులో పదకొండు మెట్లు ఉండేవి. ఈ వేసవిలో నేను లెక్కపెడితే నాలుగే కనిపించాయి. ఒక్కో మెట్టు ఏడు అంగుళాలు. అంటే రేవు దగ్గర నాలుగు అడుగులకు పైగా మట్టి చేరింది. బిందెలో సగం ఇసుక పోస్తే అందులో పట్టే నీళ్లు తగ్గిపోతాయి. మా చెరువు కూడా అలాంటి బిందెలాగే అయింది. అందుకే అలుగు పారేంత నిండినా రెండో పంటకు చాలడం లేదు."

ఇందు మొదటి వాక్యము ప్రతిజ్ఞ. రెండవది హేతువు, మెట్ల లెక్క ఆ హేతువునకు బలము. బిందె ఉదాహరణము. మా చెరువుకూడ అట్టిదే యనుట ఉపనయము. చివరి వాక్యము నిగమనము. ఇందులో ఒక్క అలంకారమైనను లేదు, ఒక్క కఠినపదమైనను లేదు. ఇంటిలో మాటలాడు తెలుగులోనే వ్రాసినది. అయినను చదివినవాడు కాదనలేడు. ప్రతి పేరాను ఈ యచ్చులోనే పోయవలెనని మా యభిప్రాయము కాదు. వ్రాసినది తేలిపోవుచున్నదని తోచినప్పుడు, ఈ అయిదింటిలో ఏది తప్పిపోయినదో వెదకినచో లోపము దొరకును. పిల్లల వ్యాసములలో చాలమట్టుకు ప్రతిజ్ఞయు నిగమనమును మాత్రమే యుండును. నడుమ హేతువు లేదు, ఉదాహరణము లేదు.

పూర్వపక్షమును గూర్చి ఒక మాట. మన పూర్వులు ఏ సిద్ధాంతమును చెప్పినను, ముందు ఎదుటివాని వాదమును నిండుగా చెప్పి, ఆ తరువాతనే దానికి సమాధానము చెప్పెడివారు. ఎదుటివాని మాటను దాచిపెట్టుట భయమునకు గుర్తు. బాలిక మూడవ పేరాలో, వానలు తగ్గినవనువారి మాటలోగూడ సత్యము కొంత కలదని ఒప్పుకొన్నది. వానలు లేని యేట చెరువు నిండదు, అది నిజమే. కాని అలుగు పారిన యేటగూడ నీరు నిలువలేదు గనుక, వానలేమి ఒక్కటే కారణము కాజాలదని చూపినది. తాత అరుగు మీదినుండి అడిగిన ప్రశ్నయే ఆమెకు ఇచట ఆధారమైనది.

మొదలును తుదియు ఒకదానికొకటి పొసగవలెను. మీమాంసకులు ఒక గ్రంథము యొక్క తాత్పర్యమును కనుగొనుటకు ముందుగా ఉపక్రమోపసంహారములను, అనగా మొదలును ముగింపును, కలిపి చూడుమనిరి. మొదట అడిగిన ప్రశ్నకే తుదను జవాబుండవలెను. ప్రారంభమున అనాది కాలమునుండి మానవుడు అను ధోరణి వలదు. ప్రశ్న పుట్టిన చోటనే మొదలుపెట్టవలెను. ముగింపున కావున మనమందరము అను ధోరణియు వలదు. మనమందరము చేయవలసినదనినచో ఎవరును చేయరు. ఎవరు, ఏమి, ఎప్పుడు అని చెప్పవలెను. బాలిక తన ముగింపులో, వచ్చు వేసవిలో చెరువు ఎండిన నెలలో, పొలమునకు మన్ను కావలసిన రైతులు పంచాయతికి పేర్లిచ్చి, ముందు తూము చుట్టునున్న పూడికను తీయవలెనని వ్రాసినది. తూమునకు నీరు చేరనిదే తక్కిన లోతు పనికిరాదను ఆ సూక్ష్మము తాతది.

చివరి మెట్టు చెవి పరీక్ష. రేడియోలో ప్రసంగము వినువారికి ఇది సులభముగా బోధపడును. వినువాడు వెనుకకు పోయి మరల వినలేడు. వాక్యము ఒక్క సారికే అర్థము కావలెను. వ్రాసిన వ్యాసమును ఇంటిలో ఒకరికి బిగ్గరగా చదివి వినిపింపవలెను. చదువుచుండగా ఊపిరి చాలని చోట వాక్యము పొడవైనది. వినువాడు మరల చెప్పుమన్న చోట వరుస తప్పినది. వినువాడు ప్రక్కకు చూచిన చోట అక్కరలేనిది చేరినది. వర్ణక్రమ దోషములను దిద్దుట దీని తరువాతి పని, దానినిగూడ మానరాదు.

పరీక్షలో ఇంత వ్యవధి ఎచటిదని అడుగవచ్చును. ముప్పది నిమిషములున్నచో, మొదటి అయిదు నిమిషములు వ్రాయకుండ ప్రశ్నను, ఒక్క వాక్యపు జవాబును, నాలుగైదు పేరాల వరుసను కాగితపు చివర గుర్తు పెట్టుకొనవలెను. ఇరువది నిమిషములు వ్రాయవలెను. చివరి అయిదు నిమిషములు చదివి దిద్దవలెను. ప్రక్కవారి కలములు పరుగెత్తుచుండగా ఊరక కూర్చుండుట మొదట భయము కలిగించును. ఇంటివద్ద పదిసార్లు అభ్యసించినచో ఆ భయము తొలగును.

ఒక్క సంగతి దాచుట న్యాయము కాదు. ఆ బాలిక తన సొంత వ్యాసమును బడిలో ఇచ్చినప్పుడు పదింటికి అయిదు మార్కులే వచ్చినవి. అక్షరదోషములకు కొన్ని పోయినవి. పుస్తకములోని అంశములు లేవని కొన్ని పోయినవి. వల్లించిన వ్యాసమునకు ఆమెకు ఎప్పుడును ఏడో ఎనిమిదో వచ్చెడివట. ఆమె కన్నుల నీరు పెట్టుకొన్నదని విని మేము నొచ్చుకొంటిమి. ఈ సలహా ఇచ్చినది మేమే గదా. సొంతముగా ఆలోచించి వ్రాయుట వలన వెంటనే లాభము కలుగునని మేము మాట యీయలేము. అక్షరదోషములను ఆరునెలలలో దిద్దుకొనవచ్చును. వల్లించు అలవాటు ఒకసారి పడినచో, మాకు వలె, దానిని వదిలించుకొనుటకు సగము వయస్సు పట్టును. ఆమె తాత మాత్రము ఆ వ్యాసమును చదివించుకొని రెండుసార్లు విని, మెట్ల సంఖ్య సరిగానున్నదని చెప్పి, ఆ కాగితమును పంచాయతి వారికి చూపుటకై మడిచి జేబులో పెట్టుకొనెను.

ఇంట పిల్లలున్న తల్లిదండ్రులకు మా విన్నపము. పిల్లవాడు వ్యాసము వ్రాయునప్పుడు మీరు వాక్యములు చెప్పి వ్రాయింపకుడు. మూడు ప్రశ్నలు మాత్రము అడుగుడు: నీవు చెప్పదలచినదేమి? అది నీకు ఎట్లు తెలిసినది? కాదనువానికి ఏమి చెప్పుదువు? వారమునకు ఒక్క వ్యాసము చాలును. ఒక పుటకు మించనక్కరలేదు. విషయమును దూరమున వెదకనక్కరలేదు. మన వీధి కుళాయికి నీరు ఎప్పుడు వచ్చును, ఎందుకు తప్పును. బడికి పోవు బస్సు ఏల ఆలస్యమగును. అమ్మమ్మ ఊరగాయ ఏల చెడదు, మనది ఏల చెడును. ఆవును గూర్చియే వ్రాయదలచినను మంచిదే. ముందు దొడ్డిలోనికి పోయి, అది ఏ వేళకు నెమరు వేయునో చూచి రమ్మనుడు.